పటంలో లేని బోర్లు

నేను విశాఖపట్నం వెళ్తున్నానంటే కదిరిలో మా వీధివాళ్లకు అర్థమైంది. ఎందుకు వెళ్తున్నానో చెబితే మాత్రం ఒక్కరికీ అర్థం కాలేదు. "పాత బోర్లు వెతకను పోతాండా" అన్నాను. టీ అంగడి ఖాదర్ గ్లాసు కడుగుతూ, "మన ఊర్లో లేవా ఏం?" అన్నాడు.

ఉన్నాయి. చాలా ఉన్నాయి. వాటిలో నేను వేసినవీ చాలానే ఉన్నాయి.

ముప్పై ఏళ్లు బోరు లారీ నడిపాను. నీళ్లు పడితే రైతు కొబ్బరికాయ కొట్టేవాడు. పడకపోతే బోరు నోటికి గోనెసంచి కుక్కి, మీద ఒక బండ పెట్టి, లారీ ఎక్కి తర్వాతి ఊరికి పోయేవాళ్లం. వెనక్కి తిరిగి చూసింది లేదు. కంప్రెసర్ మోతకు చెవులు సగం పోయి, పని మానేసి, ఇంట్లో తీరిగ్గా కూర్చున్నాక ఆ బండలు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. మూయకుండా వదిలేసిన బోర్ల గురించి ఒక చిన్న పత్రికకు వ్యాసం రాసి పంపాను. అది చదివి ఫోన్ చేసినావిడ పేరు డాక్టర్ రమణమ్మ. విశాఖపట్నంలో ఒక పరిశోధనా కేంద్రానికి డైరెక్టరు.

"మీరు తవ్వినవాళ్లు ఓబులేసుగారూ. తవ్వినవాళ్ల కంటికి కనబడేది మా యంత్రాలకు కనబడదు. ఒక వారం వచ్చి మా స్థలం చూసి పెట్టండి" అంది.

మాఘమాసం చివర బయల్దేరాను. సముద్రపు గాలి చల్లగా ఉంటుందని మా ఆవిడ రెండు శాలువాలు సర్దింది. స్టేషన్‌లో దిగి పది అడుగులు వేశానో లేదో, చొక్కా వీపుకు అంటుకుపోయింది. మా వైపు ఎండ మనిషిని ఆరబెడుతుంది. ఇక్కడిది ఉడకబెడుతుంది. శాలువాలు వారం రోజులూ సంచిలోనే ఉన్నాయి.

ద్వారకా నగర్: అందరూ బావలే

నాకు బస ద్వారకా నగర్‌లో ఇచ్చారు. కిటికీ తీస్తే ఎదురుగా నాలుగు కోచింగ్ సెంటర్ల బోర్డులు. పొద్దున్నే పుస్తకాల సంచులు తగిలించుకున్న పిల్లలు, బస్సు కాంప్లెక్సు వైపు పరుగెత్తే ఉద్యోగులు. కింద టిఫిన్ హోటల్‌కి వెళ్తే గల్లాపెట్టె దగ్గర గోదావరి జిల్లా ఆయన. "రండి, కూర్చోండి, ఏం తీసుకుంటారండి" అని ప్రతి మాటకీ ఒక 'అండి' తగిలిస్తున్నాడు. బల్లల దగ్గర వినబడేది వేరే తెలుగు. "ఏటి బావ, డ్యూటీకి ఎల్తన్నావా?" "నేదు బావ, నైట్ సేసొచ్చినాను." ఎంత వేగమంటే, నా సగం చెవులకు అది పావు వంతే అందింది.

నేను పెసరట్టు తింటుండగా పక్కన కూర్చున్నతను, పోర్టులో క్రేను నడుపుతాడట, "బావ, ఆ నీళ్ల జగ్గు ఇటివ్వు" అన్నాడు. జగ్గు ఇచ్చి, మర్యాదకు అడిగాను: "మీది ఏ ఊరు స్వామీ? మనకు చుట్టరికం ఎట్ల కుదిరింది?"

అతను తినడం ఆపి నా వైపు చూశాడు. మా వైపు అక్క మొగుణ్నో, మేనత్త కొడుకునో తప్ప ఎవరినీ బావ అనరని చెప్పాను. హోటలంతా నవ్వింది. "అయితే మీ ఊర్లో పిలవడానికి మనుషులే తక్కువన్నమాట" అన్నాడు అతను. నన్ను డబ్బులివ్వనివ్వకుండా నా పెసరట్టుకీ అతనే కట్టేశాడు. వద్దంటే, "బావ దగ్గర తీసుకుంటామేటి?" అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఈ ఊళ్లో చుట్టరికం ముందు కలుస్తుంది, వివరాలు తర్వాత వస్తాయి.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన కారు డ్రైవరు కనకరాజుది సబ్బవరం వైపు పల్లె. ఇంట్లో చెరకు సాగు. అతనూ మొదటి మలుపులోనే బావ అన్నాడు. నేనేం అడగలేదు.

కేంద్రంలో: రాయీ, సోడా

కేంద్రం ఒక కొండవాలులో ఉంది. వరండాలోంచి చూస్తే ఒకపక్క పోర్టు క్రేన్లు, ఇంకోపక్క దూరంగా ఉక్కు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు. రమణమ్మగారికి యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, నూలు చీరలో, కాళ్లకు పొలంలో తిరిగే బూట్లతో ఎదురొచ్చింది. చీరా బూట్లూ కలిపి చూడడం నాకదే మొదటిసారి.

ముందు తన గది చూపిస్తుందనుకున్నాను. నేరుగా రాళ్ల గదికి తీసుకెళ్లింది. పొడవాటి చెక్క ట్రేలలో చేయి లావున రాతి కడ్డీలు. భూమిలోంచి చెక్కుచెదరకుండా కోసి తీసినవి. ఒకదాని మీద ఎర్రటి చారలు, ఒకదానిలో మెరిసే గింజలు. నేను వాటిని నిమురుతూ చాలాసేపు నిలబడిపోయాను. మా బోరు లారీ సుత్తి రాయిని పొడి చేసి పైకి ఊదుతుంది. ముప్పై ఏళ్లలో నేను చూసింది పొడి. కింద రాయి ఇంత అందంగా ఉంటుందని అరవై రెండేళ్లకు తెలిసింది.

తర్వాత ఆవిడ పని గురించి చెప్పింది. ఉక్కు చేయాలంటే ఇప్పట్లో బొగ్గు కాల్చక తప్పదు. ఆ పొగలోంచి బొగ్గుపులుసు వాయువును విడదీసి, ఎంతో లోతున, పైన గట్టి రాతి మూత ఉన్న చోట దాచితే అది మళ్లీ గాల్లోకి రాదు. అలాంటి చోట్లు ఎక్కడెక్కడున్నాయో ఈ కేంద్రం వెతుకుతుంది. భూమిలోని వేడిని వాడుకోవడం ఎలాగన్నది ఇంకో విభాగం చూస్తుంది.

"ఉండిపోతుందని మేం చెబితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా" అంది. "కారితే వెంటనే కనిపెట్టగలమని చూపించాలి. సబ్బవరం దగ్గరి మా పరీక్ష స్థలంలో దాచేదేమీ లేదు, అక్కడ నేర్చుకుంటాం. వాయువు కలిపిన నీళ్లు కొన్ని ట్యాంకర్లు ఒక బోరులోకి వదిలి, అవి ఎటు పోతున్నాయో మా పరికరాలు పసిగడతాయో లేదో చూస్తాం."

"వాయువు కలిపిన నీళ్లంటే... సోడా కదమ్మా?"

ఆవిడ గట్టిగా నవ్వింది. "సోడాయే! జనానికి ఎలా చెప్పాలా అని ఐదేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. ఆ మాట నాకు తట్టలేదు చూడండి."

సోడా కాబట్టి విషం కాదు. కానీ రాళ్లలోని ఇనుమూ అదీ కరిగించి నీళ్ల రుచి మార్చేయగలదు. వాయువు విడిపోయి పైకి వస్తే గాలికంటే బరువు గనక పల్లంలో పేరుకుంటుంది. తెలియని బోరు ఒకటి దారిలో ఉంటే అదే దానికి రాచబాట. శనివారం ప్రారంభం. ఢిల్లీ నుంచి, బయటి దేశాల నుంచి అతిథులు వస్తున్నారు.

"మావాళ్లు తిరిగి పదకొండు బోర్లు పటంలో గుర్తించారు. పన్నెండోది లేదని మీరు చెబితే నాకు నిద్ర పడుతుంది" అంది రమణమ్మగారు.

జాలరిపేట: ముల్లు

ఆ సాయంత్రం సముద్రం చూపిస్తానని కనకరాజు జాలరిపేటకు తీసుకెళ్లాడు. ఇసుక మీద వరసగా పడవలు, వాటి నీడలో వలలు బాగుచేస్తున్న మగవాళ్లు, గట్టున తట్టల ముందు ఆడవాళ్లు. "సేపలు బాబూ, తాజా సేపలు, కానాగంతలు!" మా ఊరి సంతలో బేరమాడితే అంగడివాళ్లు మెల్లగా దిగొస్తారు. ఇక్కడ నేను సగం ధర అడగ్గానే ఆ తల్లి చేప తీసుకుని నా ముక్కు దగ్గర పెట్టి, "వాసన సూడు, సూసి మాటాడు" అంది. చూశాను. మాటాడలేదు.

నూకరత్నం అనే ఆవిడ నడిపే చిన్న హోటల్లో భోంచేశాం. చింతపండు పులుసులో చేపముక్కలు, వేడన్నం. నేను కోడికూర తిన్నంత ధైర్యంగా తిన్నాను. మూడో ముద్దకే గొంతులో ముల్లు దిగింది. కళ్లలో నీళ్లు. నూకరత్నం పరుగెత్తుకొచ్చి వట్టి అన్నం గట్టిగా ముద్ద చేసి నోట్లో పెట్టి, "నమలొద్దు, మింగీ!" అని వీపు మీద ఒక్కటిచ్చింది. ముల్లు దిగిపోయింది. ఆ తర్వాత నా పక్కనే కూర్చుని, చేపముక్క ఏ వైపు నుంచి విప్పాలో చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

ఏం పని మీద వచ్చానని అడిగింది. నాకు తెలిసినంతలో చెప్పాను.

"మరి సముద్రం కింద కూడా దాస్తారంట గదా, టీవీలో సెప్పినారు. పైకొత్తే సేపలకేటవుద్ది?"

నాకు జవాబు తెలియదన్నాను. మర్నాడు రమణమ్మగారిని అడిగాను. "దాని మీద కొంత తెలుసు, తెలియంది ఎక్కువ. ఆవిడ అడిగింది మా పాలకమండలి సమావేశంలో ఒక్కరూ అడగలేదు" అని, ఆ ప్రశ్నను తన పుస్తకంలో నూకరత్నం పేరుతో సహా రాసుకుంది.

సబ్బవరం: చోడంబలి

బుధవారం కనకరాజూ నేనూ పటం పట్టుకుని సబ్బవరం దగ్గర పరీక్ష స్థలం ఉన్న పల్లెకు, అంటే కనకరాజు సొంతూరికే, వెళ్లాం. రోడ్డు పక్కన కొత్త కాలనీల సరిహద్దు రాళ్లు, వాటి వెనక చెరకు, జీడిమామిడి తోటలు. జీడి పూత వాసన గాలినిండా తియ్యగా. ఒక నూతిలోకి తొంగిచూస్తే పదిహేను అడుగుల్లో నీళ్లు తళతళలాడుతున్నాయి. "మా కాడ వెయ్యి అడుగులు పోయినా తడి తగలదు" అంటే కనకరాజు నమ్మలేదు. నూతిలో నీళ్లున్నా బోర్లు ఎందుకు వేశారని అడిగాను. "పక్కోడు ఏసినాడని" అన్నాడు. అందులో మాత్రం మా ఊరికీ వీళ్ల ఊరికీ తేడా లేదు.

పదకొండు బోర్లూ చూశాం. అన్నీ పటంలో ఉన్నచోటే ఉన్నాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అచ్చియ్యమ్మ ఇంటి ముందు ఆగాం. నా వయసు మనిషే. భర్త పోయాడు. ఒక ఆవు, ఒక దూడ, ఒక ముక్క పొలం. మమ్మల్ని చూడగానే చెంబులతో చోడంబలి తెచ్చింది. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. చోళ్లు అంటే మా రాగులే. మేం దాన్ని గట్టిగా ముద్ద చేసి మింగుతాం, వీళ్లు పలచగా చేసి తాగుతారు. పేరు వేరు, రూపు వేరు, గొంతు దిగాక కడుపుకు ఒకటే.

తాగుతూ అలవాటుగా చుట్టూ చూశాను. కంచె మూల చిన్న దిబ్బ. మీద నాలుగు గడ్డిపరకలే ఉన్నాయి. కాలి బొటనవేలితో గీరితే కింద బూడిదరంగు పొడి. నేలమట్టి అలా ఉండదు. అది సుత్తి కింద నలిగిన రాయి. అలాంటి దిబ్బలు నేను ఎన్ని లేపానో లెక్కలేదు. పక్కనే పశువుల సాల. మట్టి నేలలో మధ్యన ఒక్కచోట మాత్రం నల్ల బండ పరిచి ఉంది.

"ఇక్కడ బోరేమైనా వేశారా అమ్మా?" అన్నాను.

"నేదు బాబూ. మాకు బోరెక్కడిది" అంది అచ్చియ్యమ్మ. నా చెంబులో మళ్లీ అంబలి పోసింది. పోసేటప్పుడు నా మొహం వైపు చూడలేదు.

అబద్ధమని నాకు తెలుసు. చెప్పేయడమే నా పని. కానీ ఆవిడ చేతి అంబలి గొంతులో ఉండగానే ఆవిడను పట్టించడానికి మనసొప్పలేదు. సాయంత్రం రమణమ్మగారు ఫోన్ చేసి పన్నెండోది ఉందా అని అడిగితే, "చూడాల్సింది ఇంకా ఉందమ్మా. రేపు సోడా వదలబోయే మీ పెద్ద బోరును కంప్రెసర్‌తో ఊదించండి. ఒక బోరు ఊదితే దానితో కలిసిన బోర్లు బుడగలేస్తాయి. ఒక్కో బోరు దగ్గర ఒక్కో మనిషిని పెట్టండి" అన్నాను.

బండ వణికింది

గురువారం పది గంటలకు కేంద్రం స్థలంలో కంప్రెసర్ మొదలైంది. పదకొండు బోర్ల దగ్గర పదకొండు మంది. నేను అంబలి బాగుందన్న వంకతో అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్లాను. చెవులు పోయినవాడికి అరికాళ్లే చెవులు. చెప్పులు విడిచి సాలలో ఆ నల్ల బండ మీద నిలబడ్డాను.

కాసేపు ఏమీ లేదు. లేదు కాబోలు, దిబ్బను చూసి పొరబడ్డానేమో అనుకున్నాను. అలా అనుకుంటున్నప్పుడు నాలో సంతోషమే కలిగిందని ఒప్పుకోవాలి. అంతలో అరికాళ్లకు సన్నగా వణుకు తెలిసింది. బండ అంచున బురద లేచి, ఉబ్బి, టప్పున పగిలింది. మళ్లీ ఒకటి. పక్కన పడుకున్న దూడ ఒక్క ఉదుటున లేచి తాడు తెంపుకునేంత పని చేసింది.

"ఓలమ్మో!" గుమ్మంలో అచ్చియ్యమ్మ. చేతిలో చెంబు కింద పడిపోయింది. ఆ బురద వంక చూస్తూ మెల్లగా గడప మీద కూర్చుంది.

"ఉంది బాబూ. మా ఆయన ఏసిందే. నీళ్లు పడనేదు. మూసేసి సాల కట్టేసినాం. బోరుందని సెప్తే పటం మీద సుక్క ఎడతారు, సుక్కెట్టిన భూమి తీసేసుకుంటారని అందరూ అన్నారు. నాకున్నది ఈ ముక్కే. ఎలగ సెప్తాను?"

"మీరొక్కరేనా అమ్మా ఇట్ల?"

ఆవిడ వీధి అవతలి ఇళ్ల వైపు చూసింది. కళ్లు దించుకుంది.

అరగంటలో రమణమ్మగారు వచ్చింది. బండ పక్కన మోకాళ్ల మీద కూర్చుని వేలు బురదలో పెట్టి చూసింది. మొదట అడిగింది ఒక్కటే: "ఈ సాల తలుపు రాత్రి మూస్తారా?"

"మూత్తామమ్మా. నక్కలొత్తాయి."

"దూడ ఎక్కడ పడుకుంటుంది?"

అచ్చియ్యమ్మ బండ పక్కన నేల చూపించింది. రమణమ్మగారు బండ నుంచి తలుపు దాకా చూసింది. గాలికంటే బరువైన వాయువు, మూసిన తలుపు, నేలకు ఆనుకుని పడుకున్న దూడ. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు. తనే లేచి తాడు విప్పి, దూడను బయట కొబ్బరిచెట్టుకు కట్టేసింది.

కారులో

తిరిగి వస్తుంటే పాలకమండలి అధ్యక్షుడు రమణమ్మగారికి ఫోన్ చేశాడు. సిగ్నల్ సరిగా లేక ఆవిడ స్పీకర్ పెట్టింది. ఆయన గొంతు పెద్దది, నాక్కూడా వినిపించింది.

"ఒక్క బోరే కదమ్మా. రేపు సిమెంటు పోయించెయ్యండి. శనివారం బటన్ నొక్కుదాం. అతిథులు బయల్దేరిపోయారు. ఇప్పుడు ఆపితే ఈ ఏడాది నిధుల సంగతేంటి? మన మొహాలేం కావాలి?"

ఆవిడ నా వైపు తిరిగింది. "ఓబులేసుగారూ, ఒకటి దాగిందంటే ఎన్ని దాగి ఉంటాయి?"

"తెలీదమ్మా" అన్నాను. "మా వైపు అయితే చెప్పినవాటికి రెండింతలు చెప్పనివి ఉంటాయి. వాటిలో కొన్నిటి మీద గోనెసంచి కప్పింది నేనే."

ఆవిడ ఫోన్ వైపు తిరిగింది. "సార్, వాయిదా వేస్తున్నాను. ఇది నా ఒక్కదాని నిర్ణయం, ఉత్తరం నా పేరుతోనే వస్తుంది. ఆపితే పోయేది ఒక ఏడాది. ఆ దూడ చచ్చిపోతే ఈ పనిని ఇక ఈ దేశంలో ఎవరూ ఏ ఊళ్లోనూ చేయనివ్వరు. అలా చేయనివ్వకపోవడం న్యాయమే కూడా."

"సాయంత్రం మాట్లాడదాం" అని ఆయన పెట్టేశాడు.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కనకరాజూ, చెరకురసం బండి కనిపిస్తే ఆపవయ్యా" అంది. ముగ్గురం రోడ్డు పక్కన నిలబడి అల్లం, నిమ్మకాయ వేసిన రసం తాగాం. "ఎంతమంది కింద పనిచేశానో! అందరూ కంగారు పడొద్దనే చెప్పారు" అంది. "కంగారు పడాల్సినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు."

అచ్చియ్యమ్మ వాకిలి

శుక్రవారం పొద్దున్నే రమణమ్మగారు మళ్లీ పల్లెకు వచ్చింది. నేను, ఇద్దరు మనుషులు, సిమెంటు, బంకమట్టి. బండ పక్కకు దొర్లించి, బోరులోకి పైపు దించి, అడుగు నుంచి పైదాకా నింపుకుంటూ వచ్చాం. ముప్పై ఏళ్లలో నేను మూసిన మొదటి బోరు అది. నింపడం అయ్యాక చేతులు కడుక్కోవడానికి కూడా లేవకుండా చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాను.

వాకిట్లో ఇరవై మంది దాకా పోగయ్యారు. కుర్చీ వేస్తే రమణమ్మగారు కూర్చోలేదు. నేల మీద అచ్చియ్యమ్మ పక్కన చతికిలబడింది. రమణమ్మగారిది చీపురుపల్లి దగ్గర రైతుల ఇల్లని అప్పుడే తెలిసింది. ఆఫీసులో వినని తెలుగు ఆవిడ నోట వినిపించింది.

"నాను తప్పు సేసినాను. మీ దగ్గరికి కాగితాలట్టుకుని మనుషుల్ని పంపినాను. మీ భయం ఏటో నానొచ్చి అడగనేదు. రేపటి పరీక్ష ఆపేసినాను. మీ భూమి మాకక్కర్నేదు. ఆ మాట నా సంతకంతో రాసిత్తాను. పటం ఒక నకలు మీ దగ్గిరే ఉంటాది. సుక్కలు మీరే ఎట్టండి."

వెనకనుంచి ఒక గొంతు: "సుక్కలెట్టినాక మాట మారిస్తేనో?"

"మారిస్తే ఆ సంతకమట్టుకుని కోర్టుకెల్లండి. ఇల్లు సెప్తాను, ఇంటికొచ్చి అడగండి. రేపు మా స్థలంలో టెంటుంది, వంటుంది. రావాల్సినోళ్లు రారు. మీరు రండి."

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. "వస్తారంటావా?" అని కనకరాజును అడిగితే, "సెప్పలేం బావ" అన్నాడు.

శనివారం

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. రమణమ్మగారి ఉద్యోగం పోలేదు. అధ్యక్షుడు మూడు రోజులు మాట్లాడలేదట, నాలుగో రోజు తనే పల్లెకు వచ్చి చూసి వెళ్లాడట. నిధులు మాత్రం సగానికి తగ్గాయి. పరీక్ష ఇంకా జరగలేదు, ముందు బోర్లు పూడుస్తున్నారు. ఇంటికి వచ్చాక నేనూ ఒక పుస్తకం కొన్నాను. గుర్తున్న ఊరు, గుర్తున్న రైతు పేరు, ఎన్ని అడుగులు. రోజుకు రెండో మూడో గుర్తొస్తున్నాయి.

శనివారానికి వస్తాను. పదింటికి టెంటు కింద కుర్చీలన్నీ ఖాళీ. ముందు వరసలో అతిథుల కోసం తెచ్చిన ఎర్ర సోఫాలు. వంటవాడు వంకాయకూర దించి రెండుసార్లు వచ్చి, "ఎంతమందికి వడ్డించాలమ్మా?" అని అడిగాడు. "చూద్దాం" అంది రమణమ్మగారు. బల్ల మీద పటం పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాతిముక్కలు పెట్టి, చేతిలో ఎర్ర పెన్సిలుతో కూర్చుంది. పదకొండైంది. ఆవిడ పెన్సిలు చెక్కింది. మొన విరిగింది. మళ్లీ చెక్కింది.

పదకొండున్నరకు అచ్చియ్యమ్మ వచ్చింది. తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, నేరుగా నడిచొచ్చి ఎర్ర సోఫాలో కూర్చుంది. కొంచెంసేపు దాని మెత్తదనం చూసుకుని, లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "నా ఇల్లెక్కడ?" రమణమ్మగారు వేలు పెట్టి చూపించింది. అచ్చియ్యమ్మ పెన్సిలు గుప్పిట్లో పట్టుకుని, చాలా జాగ్రత్తగా, నాలుక కొన పళ్ల మధ్య పెట్టి, ఒక చుక్క పెట్టింది. తర్వాత గేటు వైపు తిరిగి ఎవరినో చెయ్యూపి పిలిచింది.

ఇద్దరు వచ్చారు. తర్వాత ఒక ఇల్లు మొత్తం. జీడితోటలో ఒకటి, కళ్లం కింద ఒకటి, ఎప్పుడో అమ్మేసిన పొలంలో రెండు. అన్నదమ్ములిద్దరు ఒకే బోరు ఎక్కడుందన్నదాని మీద పోట్లాడుకున్నారు. కనకరాజు ఆ మూల నిలబడి చాలాసేపు చెవి గోక్కుని, చివరికి వచ్చి, "మా నాన్నదొకటుంది మేడమ్" అన్నాడు. రమణమ్మగారు తిట్టలేదు. పెన్సిలు చేతికిచ్చింది.

మధ్యాహ్నానికి పటంలో పదకొండు చుక్కలు ఇరవై మూడయ్యాయి. ఆఖరున చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన వచ్చి, తనది తన కోడలి చేత పెట్టించాడు. వెనక గేటు దగ్గర ఎవరూ లేరు. రమణమ్మగారు వేళ్లు విరుచుకుని, "ఇంకెవరైనా ఉన్నారా తాతా?" అని అడిగింది.

"ఉన్నారమ్మా" అన్నాడు ఆయన. వంటల వైపు ఒకసారి చూసి, "బోయినానికి టైమెప్పుడో కనుక్కుని రమ్మన్నారు" అన్నాడు.